రెండు చోట్లా లేని పది నిమిషాలు

1989 జూలై 12, బుధవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. తొమ్మిదింటికి ఆగిన సన్నని జల్లు పదింటికి మళ్ళీ మొదలైంది. నర్సీపట్నం మిషన్ ఆసుపత్రి రికార్డు గదిలో రెండు కంప్యూటర్లు పక్కపక్కన ఉన్నాయి. పాతది మధ్యాహ్నం జీపులో రోలుగుంట క్లినిక్కుకు పోవాలి. అందుచేత, కొత్తదాన్ని తెచ్చిన విశాఖపట్నం కుర్రవాడు జీవరాజు తొందరలో ఉన్నాడు. ఆ తొందరలోనే, పాత యంత్రంలో ఉన్నదంతా చెరిపివేసే ఆజ్ఞను టైపు చేశాడు. నిజంగా చెరపమంటారా, అవునైతే 'వై' నొక్కండి అని యంత్రం అడిగింది.

"ఆగండి. వై నొక్కకండి."

అన్నది కరుణకుమారి, ఆ గదిలో తాత్కాలిక ఉద్యోగిని.

"ఎందుకండీ? ఫైళ్ళన్నీ కాపీ చేశాను. లెక్క కూడా సరిపోయింది."

"కొత్తదాంట్లో మన ప్రోగ్రాము నడిపి చూశారా?"

"కాపీ అయినవి నడవకపోవడమేటండీ?"

"అయితే నడిపి చూపించడానికి భయమేటండీ?"

జీవరాజు నడిపి చూపించాడు. నడవలేదు. ఈ యంత్రానికి అనుమతి లేదని తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. బీరువాలో ఉన్న, ప్రోగ్రాముతో వచ్చిన అసలు ఫ్లాపీ తెచ్చి పెట్టారు. అనుమతి ఒక్కటేననీ, దాన్ని ఇదివరకే మరో యంత్రానికి ఇచ్చేశామనీ రెండో వాక్యం వచ్చింది.

ఆ ప్రోగ్రాము చేసే పని చిన్నది. క్షయ రోగుల్లో ఆ వారం మందుకు రానివాళ్ళ పేర్లను శనివారం అచ్చువేసి ఇస్తుంది. ఆ కాగితం పట్టుకునే నర్సులు ఊళ్ళకు వెళ్తారు. దాన్ని రాసిన సంస్థ మూతబడింది గనుక మరో ఫ్లాపీ దొరకదు. ప్రోగ్రాము పోతే మళ్ళీ చేతిరాత రిజిస్టర్లు వస్తాయి; అవి వస్తే కరుణకుమారి ఉద్యోగం పోతుంది. ఈ వరుస ఆమెకు స్పష్టంగా తెలుసు.

ఆమె ఫ్లాపీని కాసేపు చూసింది.

"మేం ఎస్. రాయవరం నుంచి వచ్చినప్పుడు ఇక్కడి పాస్టరు అయ్యగారు మా పేర్లు చర్చి సంఘం రిజిస్టర్లో వెంటనే రాయలేదు. అక్కడ కొట్టించి, ట్రాన్స్‌ఫర్ లెటర్ తెస్తేనే రాశారు. ఒక మనిషి పేరు రెండు సంఘాల్లో ఉండకూడదు."

"కంప్యూటర్‌కి బాప్తిస్మం కూడా ఇప్పించారా?"

"బాప్తిస్మం కాదండీ, లెటర్ గురించి చెబుతున్నాను. పాతదాంట్లో దీని పేరు కొట్టించే దారి ఈ ఫ్లాపీలోనే ఉంటుంది. వెతకండి."

జీవరాజు నవ్వు ఆపి వెతికాడు. అనుమతిని వెనక్కి తీసుకునే చిన్న ప్రోగ్రాము అందులో నిజంగానే ఉంది. పాత యంత్రాన్ని చెరిపేసి ఉంటే ఆ అనుమతి దానితోపాటే పోయేది. అతను ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు.

అనుమతి ఫ్లాపీలోకి తిరిగొచ్చింది. టీ గ్లాసుతో వచ్చిన హెడ్ నర్సు సువర్ణమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏటి బాబూ, అయిపోయిందా?"

"ఇప్పుడది పాతదాంట్లో లేదండీ. కొత్తదాంట్లోనూ లేదు."

"ఎక్కడా లేకపోతే మరెక్కడుందీ?"

"నా చేతిలో."

అతను ఫ్లాపీని పైకెత్తి చూపించాడు. అప్పుడే కరెంటు పోయింది. పది నిమిషాలు ముగ్గురూ వాన చప్పుడు వింటూ కూర్చున్నారు. కరెంటు వచ్చాక ప్రోగ్రాము కొత్తదాంట్లోకి ఎక్కింది, నడిచింది. ఆ శనివారం పదిహేడు పేర్లు అచ్చయ్యాయి.

తరువాత నాలుగు నెలల్లో జీవరాజు ఆరుసార్లు వచ్చాడు.

"కంప్యూటర్‌కి ఒక్క జబ్బూ లేదండీ," అన్నది ఆమె ఆరోసారి.

"జబ్బు రాకుండా చూడడమే సర్వీసు."

"రోగులకు కూడా ఇంత సర్వీసు లేదిక్కడ."

నవంబరులో అతనికి బదులు వేరే మనిషి వచ్చాడు. జీవరాజు బదిలీ అడిగి తీసుకున్నాడని చెప్పాడు. ఎక్కడికని కరుణకుమారి అడగలేదు. అడగనందువల్ల చాలా దూరమే అయి ఉంటుందనుకుంది. అలా అనుకున్నందువల్ల ఆ వారం జాబితాలో రెండు ఊళ్ళు తారుమారు చేసి సువర్ణమ్మ చేత చివాట్లు తిన్నది.

డిసెంబరు 2, శనివారం, జీవరాజు టూల్ కిట్ లేకుండా వచ్చాడు.

"ఎక్కడికండీ బదిలీ?" ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"మా కంపెనీ ఇక్కడ చిన్న ఆఫీసు తెరిచింది. అడిగి వేయించుకున్నాను." జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది మాత్రం కంపెనీది కాదు."

విశాఖపట్నంలోని అతని సంఘం పాస్టరు గారి ఉత్తరం అది. "జీవరాజు పేరును మా రిజిస్టరు నుంచి తొలగించాము. నర్సీపట్నం సంఘమువారు చేర్చుకొనగలరు" అని ఉంది.

"అక్కడ కొట్టించేశాను. ఇక్కడ ఇంకా రాయలేదు. మీ ఇంట్లో అడగడానికి ముందు మిమ్మల్ని అడగాలి కదా," అన్నాడు.

"నేను కాదంటే?"

"ఎక్కడా ఉండనండీ."

ఆమె ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

"మా అమ్మ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లోనే ఉంటుంది," అన్నది.

"మరి బేగి రాయించీయే పిల్లా," అన్నది గుమ్మంలోంచి సువర్ణమ్మ. "ఎక్కడా లేనోణ్ణి ఎన్నాళ్ళలా నిలబెడతావు? మళ్ళీ కరెంటు పోగలదు."

1997లో ఆసుపత్రికి మూడో కంప్యూటరు వచ్చింది. ఆ ప్రోగ్రాము అందులో నడవలేదు; దాన్ని అంతటితో మానేశారు. నర్సీపట్నం సంఘం రిజిస్టరులో నూట పద్నాలుగో సంఖ్య దగ్గర జీవరాజు పేరు, దాని పక్కన కరుణకుమారి పేరు ఇప్పటికీ ఉన్నాయి.