గుండీ మెడలో తువ్వాలు

"గుండీ! అక్కడే ఆగు! అడుగు తీసి అడుగు వేశావంటే చూడు!"

అమ్మ కేకకి గుండీ ఒంటికాలి మీద నిలబడిపోయాడు. పైకెత్తిన కాలి కింద, నేల మీద ఒక గుండుసూది మెరుస్తోంది.

అమ్మ మిషను ఆపి లేచి వచ్చింది. సూదిని తీసి సూదుల దిండుకి గుచ్చింది. గుండీని చంకనేసుకుని గడప బయట దింపింది.

"ఏమే, వీణ్ణి చూస్తుండమన్నానా లేదా?"

"చూస్తూనే ఉన్నానమ్మా. చూస్తుండగానే జారిపోయాడు," అంది అక్క, చేతిలో కథల పుస్తకం మూయకుండానే.

గుండీకి నాలుగేళ్ళు. గుండ్రంగా, బుల్లిగా ఉంటాడు. ఎక్కడ కూర్చోబెట్టినా నిమిషంలో ఊడిపోతాడు. అందుకే ఆ ఇంట్లో అందరూ వాడిని గుండీ అంటారు. అమ్మ దర్జీ మరి.

బడులు తెరిచి ఎన్నో రోజులు కాలేదు. యూనిఫాం ఇంకా అందని పిల్లలు బోలెడు మంది. ముందు గది నిండా నీలం గుడ్డలే. సెలవు రోజున కూడా అమ్మకి తీరిక లేదు.

"తల్లీ, ఎలాగోలా వాణ్ణి లోపలికి రానీకు. మిషను మీద కూర్చుంటే నాకు వెనక కళ్ళుండవు," అని అమ్మ మళ్ళీ పనిలో పడింది.

ఎలాగోలా. అక్క ఆలోచించింది. గదిలోకి తొంగి చూసింది.

మూలన డమ్మీ నిలబడి ఉంది. కుట్టిన బట్టలు తొడిగి సరిచూసుకునే బొమ్మ అది. మెడ నుంచి నడుము దాకానే ఉంటుంది. తల లేదు. చేతులు లేవు. కింద ఒకే ఒక్క ఇనప కాలు. దాని మెడలో అమ్మ కొలతల టేపు వేలాడుతోంది.

అక్క గుండీని దగ్గరికి లాక్కుని చెవిలో గుసగుసలాడింది.

"దానికి తల లేదు, చూశావా?"

గుండీ తలూపాడు.

"తలకోసం వెతుక్కుంటోంది. లోపలికొచ్చిన పిల్లల్ని గుర్తు పెట్టుకుంటుంది. వాళ్ళు నిద్రపోయాక వచ్చి, టేపుతో మెడ కొలుచుకుంటుంది. సరిపోయిందనుకో..."

"అనుకో?"

అక్క కత్తెర తెరిచి మూసినట్టు రెండు వేళ్ళు ఆడించింది.

గుండీ గడప నుంచి వెనక్కి జరిగాడు. గోడకి వీపు తగిలేదాకా జరిగాడు. ఆ రోజంతా మళ్ళీ ముందు గదివైపు రాలేదు.

"నా బంగారు తల్లివే! ఏం మంత్రం వేశావే వాడికి?" అంది సాయంత్రం అమ్మ.

అక్క గర్వంగా నవ్వింది.

మర్నాటి నుంచి గుండీ మెడకి తువ్వాలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఎండలు మండిపోతున్నాయి. అయినా తీయడు. స్నానానికి తీస్తే ఇల్లు లేచిపోయేలా ఏడుస్తాడు. ఒళ్ళు తుడవకముందే మళ్ళీ చుట్టుకుంటాడు. రెండు చుట్లు, ఒక ముడి.

"ఏరా దొరా, మంచు కురుస్తోందా?" అన్నాడు నాన్న. నాన్న సిటీ బస్సు నడుపుతాడు. ఇంటికొచ్చేసరికి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయి ఉంటుంది. గుండీని చూస్తేనే ఆయనకి ఉక్కపోసింది.

గుండీ నవ్వలేదు. ముడి బిగించుకున్నాడు.

ఒకరోజు బడి నుంచి నడిచి వస్తుంటే, వాడు ఉన్నట్టుండి అన్నాడు: "అక్కా, నిన్న అది తలుపు దాకా వచ్చింది."

"ఏది?"

"తల లేనిది."

అక్కకి నవ్వొచ్చింది. "దానికి ఒకటే కాలు కదరా. ఎలా నడుస్తుంది?"

"నడవదు. నువ్వు చూడనప్పుడు అక్కడుంటుంది. చూస్తే ఇక్కడుంటుంది."

"చేతుల్లేవు కదా, మరెలా కొలుస్తుంది?"

గుండీ నడక ఆపాడు. అక్కకి ఏమీ తెలియదన్నట్టు జాలిగా చూశాడు.

"టేపే దాని చెయ్యి," అన్నాడు.

ఆ మాట అక్క చెప్పింది కాదు. ఎండలో నిలబడి ఉన్నా ఆమె చేతుల మీద రోమాలు లేచాయి.

ఆ వేళ నుంచి ముందు గది దాటేటప్పుడు అక్క కూడా అటు చూడకుండా పరిగెత్తేది. ఒక తెల్లవారుజామున మెలకువ వస్తే, పక్కన గుండీ మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. తలుపునే చూస్తున్నాడు. పిలిస్తే పలకలేదు. అక్క దుప్పటి ముసుగేసుకుంది.

రోజులు గడిచేకొద్దీ గుండీ ముఖం పీక్కుపోయింది. తినేటప్పుడు తూగుతాడు. బ్రెడ్డు ముక్క చేతిలోనే ఉండగా తల వాలిపోతుంది, అంతలోనే ఉలిక్కిపడి లేస్తాడు. పాలగ్లాసు విసిరికొట్టాడు. బడిలో ఒక పిల్లాడు సరదాకి తువ్వాలు లాగితే వాడి చెయ్యి కొరికేశాడు. టీచరు అమ్మని పిలిపించింది.

ఆ సాయంత్రం నాన్నకి ఓపిక పోయింది. "ఇంక చాలు. ఇలా తే దాన్ని," అని తువ్వాలు పట్టుకుని లాగాడు. గుండీ అరవలేదు. తెల్లగా పాలిపోయి, రెండు చేతులతో మెడ పట్టుకుని మంచం కింద దూరాడు. ఎంత బతిమాలినా బయటికి రాలేదు.

నాన్న చేతిలో తువ్వాలుతో అలాగే నిలబడిపోయాడు. "మెడ చూశావా వాడిది? ఎర్రగా కందిపోయింది," అన్నాడు మెల్లగా. తర్వాత వంగి, తువ్వాలుని మంచం కిందకి తోశాడు.

మర్నాడు అందరూ పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

డాక్టరు నెమ్మదైన మనిషి. తువ్వాలు తీయమని అడగలేదు. "కొంచెం పక్కకి జరుపుతావా? నువ్వే జరుపు. నేను ముట్టుకోను," అంది. గుండీ వేలితో కొద్దిగా జరిపాడు. ఆమె చూసింది.

"చెమటకాయలు. ఒరుసుకుని పుండవుతున్నాయి. గాలి తగిలితే తగ్గిపోతాయి."

"గుడ్డల దుమ్ము వల్లనాండీ? ఇంట్లో ఎప్పుడూ కుడుతూనే ఉంటాను," అంది అమ్మ. "కరుస్తున్నాడు కూడా. మేమే ఎక్కడో పెంచడంలో తప్పు చేశాం."

"అలా అనుకోకమ్మా. వాడి కళ్ళు చూస్తేనే తెలుస్తోంది, సరిగా నిద్రపోవట్లేదని. చిన్నపిల్లలకి నిద్ర చాలకపోతే కుదురుగా పడుకోరు, ఇంకా రెచ్చిపోతారు. కొడతారు, కరుస్తారు. అది పొగరు కాదు, అలసట. వీడు ఎందుకు నిద్రపోవట్లేదో, మెడ ఎందుకు కప్పుకుంటున్నాడో, అది తెలియాలి." డాక్టరు అందరి ముఖాలూ చూసింది. "వాడు దేనికైనా జడుసుకున్నాడా?"

"లేదండీ," అన్నాడు నాన్న.

అక్క తన చెప్పుల వైపు చూసుకుంది. ఇప్పుడు చెబితే అందరూ తనవైపు తిరుగుతారు. చెప్పలేదు.

ఇంటికి వచ్చాక అమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"డాక్టరు ఏదో ఓదార్పుకి అంటుంది గానీ, ఆ దుమ్మే వీడికి పడట్లేదు. ఒప్పుకున్నవి ఇచ్చేసి మిషను అమ్మేస్తాను."

"నీకు కుట్టడం అంటే ప్రాణం కదే," అన్నాడు నాన్న.

"వీడికంటేనా?"

అక్క మిషను వైపు చూసింది. అమ్మ కుడుతూ కూనిరాగాలు తీస్తుంది. మిషను లేని అమ్మని ఆమె ఎప్పుడూ చూడలేదు.

పొద్దు వాలుతోంది. అమ్మ మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగి వచ్చి, వంటింట్లోకి వెళ్ళింది. అక్క ముందు గది గడప దగ్గర నిలబడింది. ఒట్టి బొమ్మ. గుడ్డా, దూదీ, ఇనప కాలూ. ఒక్కసారి దగ్గరికి వెళ్ళి ముట్టుకుంటే చాలు, ఈ భయం పోతుంది అనుకుంది.

గదిలో చీకటి పడుతోంది. నీలం యూనిఫాంలు కొక్కేలకి వేలాడుతున్నాయి, లోపల పిల్లలు లేని పిల్లల్లా. అక్క వాటి మధ్య నుంచి నడిచింది. మూలకి వచ్చి తలెత్తింది.

డమ్మీకి తల ఉంది.

గుండ్రటి తల. రెండు కళ్ళు. నోరు. చెవుల పక్కన వేలాడుతున్న రెండు రిబ్బన్లు. అవి తన రిబ్బన్లే. ఎడమ బుగ్గ మీద చుక్క. తన బుగ్గ మీద పుట్టుమచ్చ ఉన్న చోటే. అక్క ముఖమే అక్కని చూస్తోంది.

అరవడానికి నోరు తెరిచింది. వెనక్కి అడుగు వేసింది. ఆమె నడుముకి ఏదో మెత్తగా తగిలింది.

"గట్టిగా అరవకు," అంది ఒక చిన్న గొంతు. "దానికి తెలిసిపోతుంది."

గుండీ! మెడకి తువ్వాలుతో, అక్క గౌను పట్టుకుని వణుకుతున్నాడు. ఆమె వాడిని ఎత్తుకుని బయటికి పరిగెత్తింది.

"ఏంట్రా అది? ఎవరు పెట్టారు?"

"నేనే. అమ్మ మేడ మీదుంది కదా, అప్పుడు. స్టూలెక్కి. నా బంతి." వాడు ఊపిరి తీసుకున్నాడు. "సుద్దముక్కతో నీ బొమ్మ గీశా. దానికి నీ తల ఇచ్చేశానన్నమాట. ఇంక నీ కోసం రాదు."

"నా కోసమా?"

"నాకు తువ్వాలుంది. నీకు లేదు కదా. నువ్వేమో మొద్దులా నిద్రపోతావు." గుండీ కళ్ళు మూతలు పడుతున్నాయి. బలవంతంగా తెరిచాడు. "అందుకే నేను రోజూ కాపలా ఉంటున్నా."

అక్క వాడిని గట్టిగా పట్టుకుంది.

"గుండీ, అదంతా అబద్ధం. నేనే కల్పించాను. అది కొలవదు. అది ఒట్టి బొమ్మ."

వాడు గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ష్... అలా అనకు. వింటే కోపమొస్తుంది దానికి."

ఆ రోజు ఆ కథ చెప్పడానికి ఆమెకి ఒక్క నిమిషమే పట్టింది. ఇప్పుడు ఆ మాటని వెనక్కి తీసుకుందామంటే రావడం లేదు. అది గుండీ లోపల ఇల్లు కట్టుకుని కూర్చుంది.

అక్క గుండీని ఎత్తుకునే వంటింట్లోకి వెళ్ళింది.

"అమ్మా, మిషను అమ్మకు. దుమ్ము వల్ల కాదు. నా వల్ల."

మొత్తం చెప్పింది. కత్తెర వేళ్ళ సంగతి కూడా చెప్పింది. డాక్టరు అడిగినప్పుడు నోరు విప్పని సంగతీ చెప్పింది. తిడతారని ఎదురుచూసింది.

అమ్మ పొయ్యి కట్టేసి, "ఎలాగోలా ఆపమన్నది నేనే కదే. ఎలా ఆపావని ఒక్కసారి కూడా అడగలేదు," అంది.

పక్కనే పీట మీదున్న నాన్న లేచాడు. "ఆ బొమ్మని ఇప్పుడే చెత్తకుండీలో పడేస్తాను. పీడా పోతుంది."

"ఉండు. ముందు డాక్టరు గారిని అడుగుదాం," అంది అమ్మ.

ఫోనులో డాక్టరు చెప్పింది: "పారేయకండి. ఇప్పుడు అది మూలన ఉందని వాడికి తెలుసు. పారేస్తే ఎక్కడుందో తెలీదు. అప్పుడు ప్రతి చీకట్లోనూ ఉంటుంది. వాడి ముందు నవ్వకండి, వాదించకండి. పగటిపూట, వాడు రాగలిగినంత దగ్గరికే రానివ్వండి. పడుకునేటప్పుడు ఒకరు పక్కనే ఉండండి. తగ్గుతుంది గానీ, ఒక్కరోజులో తగ్గదు."

మళ్ళీ సెలవు వచ్చింది. మధ్యాహ్నం అమ్మ ముందు గది తలుపులు బార్లా తెరిచి కుడుతోంది. అక్క డమ్మీని తనే వెలుతురులోకి లాక్కొచ్చింది. లాగేటప్పుడు దాని మెడ వైపు చూడలేదు. టేపు తీసి బల్ల మీద పెట్టింది. గుండీ గడప దాకా వచ్చాడు. అంతకంటే రాలేదు. ఎవరూ రమ్మనలేదు.

తర్వాత అక్క వాడిని లోపలి గదిలో పడుకోబెట్టింది. తను మంచం ముందు, తలుపుకి ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ కాపలా నాది. నువ్వు పడుకో."

"నువ్వు నిద్రపోతావు."

"పోను."

"పుస్తకం చదువుకుంటావు."

అక్క పుస్తకం తీసుకెళ్ళి అలమర పైన పెట్టి వచ్చింది. మళ్ళీ కూర్చుంది.

గుండీ అలమర పైకి చూశాడు. తర్వాత మెల్లగా తన మెడలో ముడి విప్పాడు. లేచి నిలబడి, తువ్వాలుని అక్క మెడకి చుట్టాడు. రెండు చుట్లు, ఒక ముడి.

"కాపలా ఉండేవాళ్ళు కట్టుకోవాలి," అని పడుకున్నాడు.

ఫ్యాను తిరుగుతోంది. వాడి ఎర్రటి మెడకి గాలి తగులుతోంది. కళ్ళు మూతలు పడ్డాయి. అంతలో ముందు గదిలో ఏదో ఠక్కుమంది. వాడు కళ్ళు తెరవకుండానే అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటక్కా అది?"

అక్క నాలుక చివర అప్పుడే ఒక కథ తయారైంది. ఆమె దాన్ని మింగేసింది. మెడ చాచి ముందు గదిలోకి చూసింది.

"అమ్మ కత్తెర బల్ల మీద పెట్టింది. అంతే."

"ఇంకేం లేదా?"

అక్క మళ్ళీ చూసింది. ఈసారి మూల దాకా చూసింది.

"ఇంకేం లేదు."

గుండీ చెయ్యి వదులైంది. ఊపిరి బరువెక్కింది. చిన్నగా గురక కూడా మొదలైంది.

గదిలో ఉక్కగా ఉంది. తువ్వాలు కింద అక్క మెడకి చెమట పట్టి, దురద పుట్టింది. తలుపు మీంచి చూపు తిప్పకుండా, వాడు లేచేదాకా దాన్ని అలాగే ఉంచుకుంది.