కండువా కింద నాలుగు వేళ్లు

పొద్దున్నే మందను దొడ్లోంచి వదిలే ముందు ఒక్కొక్క గొర్రె కింది రెప్ప లాగి చూడడం కాటమరాజుకు అలవాటు. రెప్ప లోపల ఎర్రగా ఉంటే ఆ గొర్రె లాభం. పాలిపోయి ఉంటే, పైకి ఎంత బలిసినట్టు కనిపించినా నష్టమే. లోపలి సంగతి బయటికి చెప్పే కిటికీ కన్ను ఒక్కటేనని వాళ్ల నాయన చెప్పేవాడు. రెప్ప చూశాక వెన్ను మీద చెయ్యి వేసి ఒత్తి కండ ఎంతుందో తెలుసుకోవాలి. ఈమధ్య కాటమరాజు వెన్ను మీద చెయ్యి వేస్తున్నాడు గానీ అది చూసేవాళ్ల కోసం. చెయ్యి అతనికి ఏమీ చెప్పడం లేదు. వేళ్లకు గోనెపట్టా చుట్టినట్టు ఉంటుంది.

మొదట కాళ్లు అట్లా అయ్యాయి. నడుస్తుంటే చెప్పు జారిపోయి వెనకే ఉండిపోయేది, చాలా దూరం పోయాక గానీ తెలిసేది కాదు. ఎవరికీ చెప్పలేదు. సరుకులో లోపముంటే సంతలో ముందే బయటపెట్టేవాడు వ్యాపారి కాడు.

"టీ ఆరిపోతుంది, రాయ్యా" అని భార్య శ్రీశైలమ్మ వసారాలోంచి పిలిచింది.

కూతురు పావని అప్పుడే హైదరాబాదు బస్సు దిగి వచ్చి, అరుగు మీద కూర్చుని చున్నీ కొసతో గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ తాగుతోంది. మరునాడు గిద్దలూరులో ఆమె మేనమామ చెంచయ్య గృహప్రవేశం. అందుకే వచ్చింది. కాటమరాజు కూర్చుని తన గ్లాసు అందుకున్నాడు.

"రేపు తెల్లారి ముహూర్తం" అంది శ్రీశైలమ్మ. "ఇంటి ఆడపడుచును నేను. నేను పోయి పాలు పొంగియ్యకపోతే మా అన్న ఎవరి చేత పొంగిస్తాడు?"

"ఊళ్లో ఆడోళ్లకు కరువా?"

"ఆడోళ్లకు కరువు లేదు. నీ నోట్లో మంచి మాటకే కరువు."

"నిన్ను పోవద్దన్నానా?"

"నేనొక్కదాన్నే పోతే, పెండ్లాన్ని పంపినాడు, తాను రాలేదు అని పందిట్లో అందరూ మా అన్న మొహం చూడరా? సంతలో పూసిన మసి చాలదని కొత్తింటి గోడకు కూడా పుయ్యాల్నా?"

ఆ మసి సంగతి మార్కాపురం సంతకు వచ్చే వాళ్లందరికీ తెలుసు. ఈ చుట్టుపక్కల పాతకాలపు గొర్రెల వ్యాపారులు ఇప్పటికీ ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద కండువా కప్పుకుంటారు. అమ్మేవాడు కొనేవాడి వేళ్లు పట్టుకుంటాడు. పట్టిన వేళ్లెన్నో అంత ధర. పక్కనున్నవాడికి ఏమీ తెలియదు, సాక్ష్యం ఉండదు. కండువా కింద పట్టిన పట్టే మాట. మాట మార్చాడని పేరు పడితే ఆ మనిషికి మళ్లీ ఎవరూ చెయ్యి ఇవ్వరు.

పోయిన నెల చెంచయ్య తన పొట్టేళ్లను బావ కాటమరాజుకే అమ్మాడు. కండువా తీశాక కాటమరాజు మూడు వేళ్ల ధర లెక్కగట్టి చేతిలో పెట్టాడు. "నాలుగు పట్టినాను కదా బావా" అన్నాడు చెంచయ్య మెల్లగా. "మూడే పట్టినావు" అన్నాడు కాటమరాజు. మాట మీద మాట పెరిగింది. "మీ ఇంటోళ్లకు గుడ్డ కింద ఒక మాట, గుడ్డ తీస్తే ఒక మాట" అని కాటమరాజు సంతంతా వినేటట్టు అనేశాడు. చెంచయ్య తన చేతిలో పడిన డబ్బు జేబులో పెట్టుకుని, కండువా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత సంతలో అతనికి చెయ్యి ఇచ్చినవాడు లేడు.

"నాయనా, ఆ గ్లాసు కింద పెట్టు" అంది పావని.

"ఎందుకు?"

"అది పొయ్యి మీంచి ఇప్పుడే దిగింది. నేను గుడ్డతో పట్టుకున్నాను. నువ్వు ఇంతసేపూ ఉత్త చేత్తో పట్టుకోనున్నావు."

కాటమరాజు గ్లాసు దించాడు. వేళ్ల మీద తెల్లటి పొక్కులు లేస్తున్నాయి. వాటి పక్కనే పాతవి, మాని నల్లబడినవి ఉన్నాయి. పావని వాటిని చూసింది. అతను చెయ్యి పంచె మడతలో పెట్టుకున్నాడు.

"గొర్రెల కాపరి చెయ్యి ఇట్లనే ఉంటుంది లే. నీ సంగతి చెప్పు. ఇంకెన్నాళ్లు ఆ చదువు? సంతలో అందరూ అడుగుతారు, మీ పాప ఏం చేస్తాదని. చచ్చేవాటికి ఫొటోలు తీస్తాదని చెప్తాను. నవ్వుతారు."

పావని నవ్వలేదు. ఆమె హైదరాబాదులో ఒక కంటి ఆసుపత్రికి చేర్చి ఉన్న ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. నరాల కణాలు ఎలా చనిపోతాయో, ఆ చావును మనిషి బతికుండగానే కంటిలోంచి ఎలా ఫొటో తీయాలో కనుక్కోవడం వాళ్ల పని.

"ఆ కండువా ఇటియ్యి నాయనా. ఒక బేరం చేద్దాం."

"ఏం అమ్ముతావు?"

"ముందు చెయ్యి ఇయ్యి."

చిన్నప్పుడు సంతలో జీళ్ల కోసం తండ్రితో ఇలాగే బేరమాడేది. ఆ ఆట ఆమెకు నేర్పింది అతనే. కాటమరాజు పక్కనున్న పీట ఇద్దరి మధ్యకు లాగి దాని మీద చెయ్యి చాచాడు. పావని కండువా కప్పింది.

"ఎంత?"

"మూడు" అన్నాడు, ఏ మాత్రం ఆలోచించకుండా.

పావని కండువా తీసింది. అతని నాలుగు వేళ్లు ఆమె పిడికిట్లో ఉన్నాయి. శ్రీశైలమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది.

"ఎక్కడో చూస్తున్నాను. మళ్లా పట్టు" అన్నాడు కాటమరాజు.

మళ్లీ కండువా కప్పింది. ఈసారి కాటమరాజు కళ్లు మూసుకుని చాలాసేపు వేళ్ల మీదే ధ్యాస పెట్టాడు.

"రెండు."

కండువా తీసేసరికి అతని చెయ్యి ఒంటరిగా పీట మీద పడి ఉంది. పావని చేతులు రెండూ ఆమె ఒళ్లో ఉన్నాయి.

దొడ్లో ఒక గొర్రె దగ్గింది. శ్రీశైలమ్మ చాట గోడకు ఆనించి, ఎవరితోనూ కానట్టు అంది. "అయితే మా అన్న అబద్ధం ఆడలేదు."

కాటమరాజు తన చేతిని చూసుకుంటూ ఉండిపోయాడు. వేరేవాళ్ల చెయ్యిలా ఉంది. కూతురి వైపు తల తిప్పకుండానే అడిగాడు.

"పెద్దరోగమా?"

"దానికి భయపడి దాచినావా?"

"నీకు సంబంధాలు రావాల్సిన ఇల్లు ఇది."

"షుగర్ మాత్రలు ఎప్పుడు మానినావు?"

"ఒంట్లో బాగనే ఉందని..."

"షుగర్ వల్లే అయ్యుంటుంది నాయనా. డాక్టరు షుగర్‌కూ, కుష్ఠుకూ రెండింటికీ పరీక్ష చేస్తాడు. అదే అయినా ఇప్పుడు మందుతో పోతుంది. దాచితేనే పోదు."

ఆమె ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. నల్లటి నేల మీద తెల్లటి దారాలు, మగ్గం మీద పడుగు పరిచినట్టు దగ్గరదగ్గరగా. "ఇవి బాగుండేవాళ్ల నరాలు. కంటి ముందు గాజులాంటి పొర ఉంటుంది కదా, అందులో ఉంటాయి. కొయ్యకుండా, కుట్టకుండా నరాన్ని చూడగలిగే చోటు అది." ఇంకో బొమ్మకు జరిపింది. అదే నల్లటి నేల. దారాలు అక్కడొకటి, ఇక్కడొకటి. "ఇవి షుగర్ ముదిరినోళ్లవి. చెడింది కాళ్లూ చేతులూ అయినా కంట్లో కనబడుతుంది."

"గొర్రెకూ అంతే" అన్నాడు కాటమరాజు. "జబ్బు పొట్టలో. కనపడేది రెప్పలో."

"మీ నాయనకు గొర్రె కన్ను తిప్పి చూడ్డం తెలుసు" అంది శ్రీశైలమ్మ. "మనిషి కన్ను చూడ్డమే తెలీదు."

అతను ఆ మాట పడ్డాడు. ఫోను వంక చూపిస్తూ అడిగాడు. "చచ్చినవి మళ్లా వస్తాయా?"

"చచ్చినవి రావు."

"మరి చూసి ఏం లాభం?"

"కణం ఒక్కసారిగా చావదు నాయనా. చావబోయే ముందు తన ఒంటి మీద తానే ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తుకు అంటుకునే రంగు పంపితే చుక్కలాగా వెలుగుతుంది. కంటి వెనక పొరలో ఆ చుక్కలకే మేము ఫొటో తీసేది."

"కోతకు అమ్మిన గొర్రెకు ఎర్రరంగు పూస్తాం. అట్లాంటిదా?"

"అట్లాంటిదే."

"బండి ఎక్కకముందు అయితే బేరం తిప్పుకోవచ్చు."

"అందుకే చూసేది. అన్నీ వెనక్కి రావు. కొన్నన్నా." ఆమె అతని చెయ్యి తీసుకుని పొక్కుల మీద నీళ్లు పోసింది. అతనికి చల్లదనం తెలియలేదు. "నీ నరాలు కూడా మొదలు దగ్గర చావలేదు. కొస నుంచి ఎండుకొస్తున్నాయి, అన్నిటికంటే పొడుగు నరాలు ముందు. అందుకే కాళ్లు ముందు, వేళ్లు తర్వాత. ఇక్కడ పట్టుకుంటే తెలుస్తుందా?" అని మణికట్టు మీద, ఇంకా పైన, మోచేతికి దగ్గరగా ఒత్తింది.

"అక్కడ తెలుస్తుంది" అన్నాడు.

మధ్యాహ్నం అన్నం తిని అతను దొడ్లో ఒక్కడే కూర్చున్నాడు. ఏడుపు రాలేదు, భయం కూడా రాలేదు. లెక్క మాత్రం వచ్చింది. సంతలో ఆ రోజే అతనికి అనుమానం తగిలింది. నాలుగు పట్టాడేమో, నా చెయ్యే సరిగా చెప్పలేదేమో అని. ఆ క్షణంలోనే తక్కెడలో ఒకవైపు తన చెయ్యి, ఇంకోవైపు బావ మాట పెట్టి తూచాడు. చెయ్యి పోయిందంటే వ్యాపారం పోయింది, కూతురి సంబంధం పోయింది. బావ మాట పోతే పోయేది బావకు. తనది కాని సరుకును అగ్గువకు అమ్మడం ఎవరికైనా సులువే. అమ్మేశాడు. చూస్తే, చెడిన సరుకు ఇంట్లోనే ఉంది, బాగున్నదాన్ని అవతల పారేశాడు. ఎంత తిరగేసినా ఆ లెక్క అదే వచ్చింది.

మరునాడు తెల్లవారేసరికి ముగ్గురూ గిద్దలూరులో ఉన్నారు. కొత్తింటి ముందు పందిట్లో సంత మనుషులే ఎక్కువ. చెంచయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చెల్లెల్ని చూసి, "లోపలికి పో తల్లీ, పొయ్యి నీ కోసమే చూస్తాంది" అన్నాడు. మేనకోడలి తల మీద చెయ్యి వేశాడు. బావను చూడలేదు.

"రాండి పెద్దమనిషీ" అన్నాడు ఒక వ్యాపారి కాటమరాజుతో, నవ్వుతూ. "గుడ్డ కింద ఒక మాట, గుడ్డ తీస్తే ఒక మాట అంటివే. ఆ ఇంటికే వచ్చినావు."

కాటమరాజు భుజం మీద కండువా తీసి, మడిచి, చంకలో పెట్టుకున్నాడు. కుడిచెయ్యి అందరికీ కనపడేటట్టు చాచాడు. పొక్కులు చితికి పచ్చిగా ఉన్నాయి.

"ఈ వేళ్లు చచ్చినాయి" అన్నాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నిప్పు పెట్టినా తెలీదు. ఆ రోజు మా బావ నాలుగే పట్టినాడు. నాకు మూడే తెలిసింది. నా చేతి మీద అనుమానం ఉండి కూడా నింద ఆయన మీద వేసినాను. ఆయన మాట మారలేదు. ఇంక నాకు ఎవరూ చెయ్యి ఇయ్యాల్సిన పని లేదు."

ఎన్నేళ్లుగానో సంపాదించుకున్నది ఒక్క మాటలో పోయిందని కాటమరాజుకు తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు, వేళ్లలాగే.

చెంచయ్య గుమ్మం దిగి వచ్చాడు. ఆ చేతిని ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఇంత కాలేదాకా చెప్పకుండా ఏంది బావా ఇది" అన్నాడు. తర్వాత కాటమరాజు చంకలోని కండువా లాగి, ఇద్దరి చేతుల మీద కప్పాడు.

"నాకు తెలీదు బావా" అన్నాడు కాటమరాజు. "ఎన్ని పట్టినా తెలీదు."

చెంచయ్య చెయ్యి వేళ్ల దగ్గర ఆగలేదు. అరచెయ్యి దాటి, మణికట్టు దాటి పైకి వెళ్లింది. మోచేతి కింద, కండ ఉన్నచోట, అతని వేళ్లు ఒక్కొక్కటిగా గట్టిగా బిగిశాయి. లోపల శ్రీశైలమ్మ పొయ్యి మీద పాలు పొంగి నిప్పుల మీద పడుతున్న చప్పుడు వినపడింది.

"ఎన్ని?" అన్నాడు చెంచయ్య, అతనికొక్కడికే వినపడేటట్టు.

కాటమరాజు కళ్లు మూసుకున్నాడు. మూసిన రెప్పల కిందినుంచి నీళ్లు జారాయి.

"నాలుగు" అన్నాడు.