తొలిచెవి

ఆ ఉదయం విశాఖ రేవు మీదుగా వెళ్ళిన ప్రతి గాలిబండీ ఒకే జోలపాట వినిపిస్తూ వెళ్ళింది. 2061వ సంవత్సరం. గాయని కనకవల్లి ఓ సినిమాలో పాడిన ఆ పాటకు నూరేళ్ళు నిండాయి. రాష్ట్రంలో ఆ పాట వింటూ నిద్రపోని పసివాడు లేడు. అందుకే ఉత్సవ సంఘం నాడీశాస్త్రవేత్త మందాకినిని ఓ వింత కోరిక కోరింది. అంత తెలిసిన పాటను అందరూ మళ్ళీ మొదటిసారి వినాలట.

అందుకు ఆమె తయారుచేసిన తొలిచెవి ఉంది. అది తలకు చుట్టుకునే పలుచని పట్టీ. న్యూరాన్లనే నాడీకణాల మధ్య ఒక శబ్దం తాలూకు జ్ఞాపకం ఏ దారుల్లో నిలిచిందో వెతికి, ఆ దారులను మూసేస్తుంది. మీట నొక్కితే అవి మళ్ళీ తెరుచుకుంటాయి. అరగంట దాటితే మాత్రం ఇక ఎప్పటికీ తెరుచుకోవు. హాలు నిండా జనం మీద ఒకేసారి ప్రయోగించడం ఇదే మొదలు.

ముందు వరుసలో కనకవల్లి కూతురు విజయగౌరి కూర్చుంది. తొంభై దాటిన మనిషి కావడంతో ఆమె పట్టీని విడిగా మందాకిని చేతిలోని మీటకు కలిపారు. పట్టీ కట్టించుకుంటూ ఆమె తన సంగతి చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు ఎవరింటికెళ్ళినా బల్లెక్కించి ఆ పాటే పాడించేవారట. తల్లి మాత్రం రికార్డింగులంటూ ఊళ్ళు తిరుగుతూ ఏనాడూ తనను జోకొట్టలేదట. తల్లి పోయిన రోజు వీధిలో మైకు అదే పాట వినిపిస్తుంటే వెళ్ళి వైరు పీకేసిందట.

పట్టీలు ఆ పాట జ్ఞాపకాన్ని మూసేశాక పాట మొదలైంది. జనం బుద్ధిగా విన్నారు. కొందరు ఆవులించారు. చివర్లో చప్పట్లు పలచగా పడ్డాయి. సహోద్యోగి పేరిశాస్త్రి కంగారుగా మిగతా అందరికీ కలిపిన మీట నొక్కాడు. జ్ఞాపకం తిరిగొచ్చిన మరుక్షణం హాలంతా లేచి నిలబడి కళ్ళు తుడుచుకుంది.

విజయగౌరి మాత్రం లేవలేదు. మందాకిని చెయ్యి పట్టుకుంది.

"ఇది మా అమ్మ గొంతు. ఈ పాట నేను ఇదివరకు విన్నానా తల్లీ?"

"చాలాసార్లు, మామ్మగారూ."

"విని ఏం చేశాను?"

మందాకిని మైకు వైరు సంగతి చెప్పింది.

"ఇప్పుడు మా అమ్మ నన్ను జోకొట్టినట్టుంది. పాతది తిరిగొస్తే ఇది ఇలాగే ఉంటుందా?"

"ఉంటుంది. కానీ ఆ పాతదంతా దీని మీద పడుతుంది."

"అయితే నాకొద్దు."

గడువు దగ్గరపడింది. మనిషి జ్ఞాపకం చెరిపితే జైలేనని, వెంటనే నొక్కమని పేరిశాస్త్రి చెవి ఫోనులో బతిమాలుతున్నాడు. మందాకిని బొటనవేలు మీట మీద పెట్టింది. విజయగౌరి కళ్ళు మూసుకుని, ఇప్పుడే విన్న పాటను కూనిరాగం తీస్తోంది. ఆ ముఖం చూశాక మందాకిని వేలు తీసేసింది.

విచారణ జరిగింది. విజయగౌరి తానే వద్దన్నానని సాక్ష్యం చెప్పడంతో, మనిషి కోరుకుంటే చెరపవచ్చునని తీర్పు వచ్చింది. మరునాడే ప్రయోగశాల ముందు జనం బారులు తీరారు. ఒక్కొక్కరికీ ఒక్కో పాట ఉండి ఉంటుందని మందాకిని సంబరపడింది. మొదటగా ఓ నడివయసాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఏ పాట వినాలనుకుంటున్నారని ఆమె అడిగింది.

"పాటేం వద్దండి. మా తమ్ముడు ఆఖరుసారి ఫోన్లో నన్ను సాయం అడిగాడు. ఆ గొంతు మూసెయ్యండి. మీట మాత్రం నొక్కకండి."