వేట బందు రోజుల్లో పిట్టల ఫొటో

"ఆరింటికి లాంచీ. ఆరూ యాభైకి జలాంతర్గామి. మధ్యలో నీకున్నది యాభై నిమిషాలు," అన్నాడు చీఫ్ కృష్ణంరాజు.

మద్దిలపాలెంలో టైలరింగ్ షాపు పైన ఉంది ఆ నిఘా ఆఫీసు. కుర్చీ చూపించినా ఏజెంట్ నాగశ్రీ కూర్చోలేదు. ఆ జలాంతర్గామిలో ఆమె తమ్ముడు నవీన్ ఉన్నాడు.

"దాని నెత్తిమీద కొత్త యాంటెన్నా ఉంది. ఆ ఫొటో విదేశీ ముఠా చేతికి చిక్కిందా, సముద్రంలో ఎక్కడున్నా పసిగట్టేస్తారు. కెమెరా నుంచి నేరుగా శాటిలైట్‌కి లైవ్. నొక్కిన మరుక్షణం వాళ్ల స్క్రీన్ మీద ఉంటుంది."

"తీసేదెవరు సార్?"

"తెలీదు. టూరిస్ట్ లాంచీలో ఉంటాడు. ముఠాలో మన మనిషి రోజారమణి కూడా వస్తోంది, పక్షుల ఫొటోగ్రాఫర్ వేషంలో. వాణ్ని ఆవిడే చూపిస్తుంది. కోడ్ వర్డ్ 'నిమ్మకాయ ఎక్కువ'."

మర్నాడు పొద్దున్నే నాగశ్రీ మరమరాల మురీ మిక్చర్ అమ్మేదానిలా బుట్టతో లాంచీ ఎక్కింది. చెవి దుద్దులో మైక్.

రోజారమణిని వెతకక్కర్లేదు. లాంచీలో కళ్లన్నీ ఎటు తిరిగాయో అటు చూస్తే చాలు. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, మూరెడు లెన్స్. "ఏటా మే నెలలో వస్తాను. ట్రాలర్ల వెనక తెల్ల పిట్టలు గుంపుగా ఎగురుతాయి, చూసి తీరాలి!" అని అందరికీ చెబుతోంది. పొట్లం అందుకుంటూ గొంతు తగ్గించింది.

"నిమ్మకాయ ఎక్కువ. వెనక, నీలం టోపీ."

నాగశ్రీ వెనక్కి పరుగెత్తింది. నీలం టోపీ పెద్దాయన రెయిలింగ్ పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు. కెమెరా కాదు కదా, చేతిలో ఫోను కూడా లేదు.

పక్కనే గదిలో చక్రం తిప్పుతున్న సరంగు అప్పలసూరి పకపకా నవ్వాడు.

"ఇన్నావా ఓలమ్మీ? ఆవిడ ఏటా మే నెల్లో ట్రాలర్లెనకాల పిట్టల్ని తీత్తాదట! మే నెలంటే ఏట బందు గదేటి? ట్రాలరే కదల్దు, పిట్టలెలాగొత్తాయి?"

నాగశ్రీ రేవు వైపు చూసింది. బోట్లన్నీ తాళ్లతో కట్టేసి ఉన్నాయి. రెండు నెలల వేట నిషేధం. ఏటా వచ్చే మనిషికి ఆ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? రోజారమణి ఇక్కడ పిట్టని చూసిన మొహం కాదు. వేషమే అనుకున్నా, కెమెరా లేని పెద్దాయన్ని చూపించి తనని వెనక్కి ఎందుకు పంపినట్టు? ఆవిడ మన మనిషీ కాదు.

"సార్, తీసేది రోజారమణే!" అని దుద్దులోకి అరిచింది.

అప్పటికే ఆలస్యమైంది. రోజారమణి సరంగు గది కప్పు మీదికెక్కి నిచ్చెన పైకి లాగేసుకుంది. ఆరూ నలభై తొమ్మిది. ఛానల్ మలుపులో జలాంతర్గామి నల్లటి ముక్కు కనిపించింది.

"సూరన్నా, ఆ తట్టలో ఏటున్నాయి?"

"కవ్వళ్లు. తెప్పలోళ్లిచ్చారు, నా కూర్కి..."

ఆ మాట పూర్తి కాకుండానే నాగశ్రీ విసిరిన చేపలు గాల్లోకి లేచాయి. కప్పు మీద, లెన్స్ మీద, ఎర్ర స్కార్ఫ్ మీద పడ్డాయి. వేట లేక నెల రోజులుగా పస్తులున్న గద్దలు ఎక్కడెక్కడివో వచ్చి పడ్డాయి. క్లిక్, క్లిక్, క్లిక్! రెక్కలు, గోళ్లు, ముక్కులు. ఆ గోల వెనక నుంచి జలాంతర్గామి నింపాదిగా సముద్రంలోకి వెళ్లిపోయింది. నాగశ్రీ అక్కడే కూలబడి ఏడ్చేసింది. తమ్ముడు బతికాడు.

నేవీ బోటు వచ్చి, పొలుసులతో మెరిసిపోతున్న రోజారమణిని దించుకుపోయింది.

నాలుగు రోజుల తర్వాత కృష్ణంరాజు తలెత్తకుండా రిపోర్టు చదివాడు.

"అవతలికి నలభై ఒక్క ఫొటోలు వెళ్లాయి. అన్నీ గద్దలే. వాళ్ల నిపుణులకి నిద్రల్లేవట."

"ఎందుకు సార్?"

"ఏ గద్ద ఏ యుద్ధనౌకకి కోడో తేలక."