పదికి పదీ తప్పు

పడవ ఒడ్డుకు వచ్చింది. వెళ్లినవాళ్లు ఇద్దరు. దిగినవాడు ఒక్కడే.

2005 ఆగస్టు. శుక్రవారం తెల్లవారుజాము. జాలరిపేట ఒడ్డున దిగిన కోటి చేతిలో అతని బావ దాలయ్య తువ్వాలు ఉంది. దాని మీద రక్తం.

"మీ బావేడ్రా?" అంది కోటి అక్క పోతమ్మ. దాలయ్య ఆమె భర్త.

"ఎక్కడో దిగిపోనాడప్పా. ఎక్కడో గేపకం రాడం లేదు. ఆ మేగ్నెట్ పెట్టినకాడ్నుంచి నాకు దిక్కులు తెల్డం లేదు."

పేటంతా భగ్గుమంది.

మేగ్నెట్ ఉన్నది మధురవాడలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో. కంపాస్ లేకుండా సముద్రంలో దారి పట్టే జాలర్ల మీద డాక్టర్ ఫ్లోరెన్స్ రీసెర్చ్ చేస్తోంది. తల కుడివైపు ఒక కాయిల్ ఆనించి, అయస్కాంత తరంగాలు పంపుతుంది. కంప్యూటర్ తెర మీద చుక్కను చూపించి, మాయం చేసి, అది ఎక్కడుండేదో అడుగుతుంది. గురువారం ఉదయం ఆ కుర్చీలో కూర్చున్నవాడు కోటి.

శనివారం మధ్యాహ్నానికి ల్యాబ్ అద్దాలు పగిలిపోయాయి. పోలీస్ స్టేషన్ గేటు దగ్గర జనం. లోపల ఇన్‌స్పెక్టర్ సన్యాసిరాజు ముందు ముగ్గురు కూర్చున్నారు. కోటి, పోతమ్మ, ఫ్లోరెన్స్.

"డాక్టర్‌గారూ, మీ మేగ్నెట్ మనిషికి రెండ్రోజుల పాటు మతిపోయేలా చేస్తుందా?"

"లేదండీ. అప్పుడే చూసిన చోటుని కాసేపు మనసులో పట్టి ఉంచుకుంటాం కదా, దాన్ని కొంచెం తడబెడుతుంది. అదీ కొన్ని నిమిషాలే. పాత జ్ఞాపకాల జోలికి పోదు."

"గ్యారంటీయా?"

"నేను చదివిందీ, చూసిందీ అదే. కానీ ఇతన్ని చూస్తుంటే నాకే భయంగా ఉంది."

పాపం, ఆవిడకు రాత్రంతా నిద్ర లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడిందో, తప్పు నిజంగా ఆవిడదేనో తేలాలి. అంతకన్నా ముందు దాలయ్య దొరకాలి.

"సముద్రం ఎవుర్నీ ఉంచుకోదు బాబూ," అంది పోతమ్మ. "సచ్చిపోతే ఈపాటికి ఒడ్డుకి కొట్టుకొచ్చీసేవోడు. ఎక్కడో బతికున్నాడు. బేగి ఎతకండి. నా తమ్ముడ్ని కాదు, ఆ డాక్టరమ్మని అడగండి."

సన్యాసిరాజు కోటి వైపు తిరిగాడు.

"దిక్కులు తెలీనివాడివి పడవ ఎలా తెచ్చావు?"

"లైట్‌హౌస్ దీపం సూసి వచ్చీసినాను బాబూ."

"దాలయ్య దిగింది ఇసకలోనా, రాళ్లలోనా?"

"తెల్దు."

"తువ్వాలు మీద రక్తం?"

"తెల్దు బాబూ."

"సరే. ఒక ఆట ఆడదాం."

రెండు టీ గ్లాసులు బోర్లించాడు. కోటి చూస్తుండగానే ఒక గ్లాసు కింద చింతగింజ పెట్టాడు.

"గోడవైపు తిరుగు. ఇప్పుడిటు తిరుగు. ఎందులో ఉంది?"

కోటి వెర్రిచూపులు చూసి ఎడమ గ్లాసు చూపించాడు. గింజ కుడి గ్లాసు కింద ఉంది.

మళ్లీ పెట్టాడు. ఈసారి ఎడమ దాని కింద. కోటి కుడిది చూపించాడు.

అలా పదిసార్లు. పదిసార్లూ తప్పే.

ఫ్లోరెన్స్ ముఖం చేతుల్లో దాచుకుంది. "ఇతనికి ఒక్కటీ గుర్తులేదు. తప్పు నాదే."

"సూసినారా బాబూ!" అంది పోతమ్మ.

"చూశానమ్మా. బాగా చూశాను." సన్యాసిరాజు గింజను వేళ్ల మధ్య తిప్పాడు. "ఉన్నవి రెండే గ్లాసులు. ఏమీ తెలీనివాడు గుడ్డిగా వేలు పెట్టినా, ఇంచుమించు సగం సార్లు తగులుతుంది. పదికి పదీ తప్పాలంటే ఎలా? గింజ ఎక్కడుందో ప్రతిసారీ తెలిసుండాలి. తెలిసే రెండోది చూపించాలి."

కోటి దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు.

పోతమ్మ తమ్ముడిని చూసింది. తిట్టలేదు. ఏడవలేదు.

"ఎక్కడున్నాడ్రా?"

"అప్పా..."

"సాయంత్రం పున్నమి పోటు వొచ్చీలోగా సెప్పు."

పోటు అనే మాట వినగానే కోటి వణికిపోయాడు. సముద్రం పొంగితే ఆ నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అతనికి తెలుసు. పోర్టు వెనక ఉప్పుటేరులో ఒక పాత బార్జి, సరుకులు మోసే ఇనుపపడవ, ఒరిగిపోయి ఉంది. పోర్టులో కొట్టేసిన రాగితీగ అందులో దాచాడు. గురువారం రాత్రి బావ చూశాడు. పోలీసులకు చెబుతానన్నాడు. కోటి తెడ్డుతో తల మీద కొట్టి, అడుగుగదిలోకి తోసి, ఇనుపమూత వేసేశాడు.

"సంపడానికి సెయ్యి రాలేదప్పా," అన్నాడు.

పోలీసులు వెళ్లి మూత తెరిచేసరికి నీళ్లు గుండెలోతు ఉన్నాయి. దాలయ్య నిచ్చెనను కరుచుకుని ఉన్నాడు. బతికే ఉన్నాడు!

పది రోజుల తర్వాత సన్యాసిరాజు ఆసుపత్రికి వెళ్లాడు. దాలయ్య ఆయనకు దండం పెట్టాడు. భార్యను పేరు పెట్టి పిలిచాడు. ఏ కొండకు ఎదురుగా వల వేస్తే ఏ చేపలు పడతాయో చెప్పాడు. కానీ మంచం పక్కనున్న నీళ్లచెంబు కోసం మాటిమాటికీ వెతుక్కుంటున్నాడు. చూపించిన మరుక్షణమే మళ్లీ వెతుకుతున్నాడు.

అక్కడే ఉన్న ఫ్లోరెన్స్ అతని ముందు రెండు గ్లాసులు బోర్లించింది. చింతగింజ పెట్టింది. పదిసార్లు.

ఐదు సరి. ఐదు తప్పు.

పోతమ్మ ముఖం వెలిగిపోయింది. "ఆ ఎదవకి పదీ తప్పినాయి. ఈయనకి సగం దొరికీసినాయి! నయమైపోతన్నట్టే గదా బాబూ?"

ఫ్లోరెన్స్ తల వంచుకుంది. గుడ్డిగా వేలు పెట్టినా సగం సార్లు తగులుతుందని స్టేషన్లో తానే అన్న మాట సన్యాసిరాజుకు గుర్తొచ్చింది.

"అవునమ్మా," అన్నాడు. "సగం దొరికాయి."

పోతమ్మ ముఖంలోకి మాత్రం చూడలేకపోయాడు.