ముప్పై ఒకటో ఫొటో

"ఈసారి గూడా జాడ తెలిసిపోతే నా మొగుడు బతకడు సార్," అంది దేవకుమారి, కుర్చీ అంచున కూచుని.

ఆమె జమ్మలమడుగులో టీచరు. లింగాల దగ్గర జరిగిన బాంబుల హత్యకు ఆమె భర్త జోసఫ్ ఒక్కడే సాక్షి. సోమవారం ప్రొద్దుటూరు కోర్టులో సాక్ష్యం. అంతవరకు దాచిపెడదామని మూడు చోట్లు మార్చారు. మూడుసార్లూ మర్నాటికల్లా పులివెందుల నుంచి హంతకుల జీపులు వచ్చి వాకిట్లో ఆగాయి. జోసఫ్ గోడలు దూకి ప్రాణం దక్కించుకున్నాడు.

"ఇప్పుడు యాడుండాడో ఎవరికి తెలుసు?" అడిగాడు డిటెక్టివ్ ఆనందరావు.

"నాకు, లాయరు సిరాజుద్దీన్ సార్‌కు, మా అన్న ప్రకాశానికి. నిన్న అన్నే స్కూటర్ మీద నన్ను ఆడికి తీస్కపోయినాడు, అన్నం ఇచ్చేదానికి."

ఆనందరావు అసిస్టెంటు లాల్ బాషాకు లాయర్లంటే మొదటినుంచీ పడదు. మనసులో అప్పుడే సిరాజుద్దీన్‌కు బేడీలు వేసేశాడు. కానీ ఆ ఫ్యాక్షన్ రోజుల్లో ఫోను చేస్తే పోలీసులు వింటారు, మనిషిని పంపితే అవతలి పార్టీ చూస్తుంది. మరి కబురెట్లా పోతోంది? అదే అంతుపట్టక కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

ప్రకాశానిది ప్రొద్దుటూరులో ఫొటో స్టూడియో. కువైట్‌లో ఉన్నవాళ్లు చూసుకోవడానికి పెళ్లి ఫొటోలు నెట్‌లో పెడతాడు. ఆనందరావు, లాల్ బాషా అక్కడికి వెళ్లేసరికి ఖమ్రున్నీసా అనే ఆమె అతన్ని నిలదీస్తోంది.

"మా ఇంటి పెండ్లి ఫొటోల్లో నేను ఏరి ఇచ్చినవి ముప్పై అప్పా. నిన్నట్నుంచి నెట్‌లో ముప్పై ఒకటుండాయంట. వంట డేగిసాల ఫొటో నేనియ్యలే."

"తప్పుబాటున ఎక్కింటాది. చూడకుంటే సరి."

"ఎట్ల చూడకుండేది? డేగిసా పక్కన గరిటె పట్టుకోని ఉండేది మా మామ. పెండ్లైన వారానికే చనిపోయినాడు. కువైట్‌లో మావోనికి అదే కావాల. తక్కినవి నిమిషంలో వస్తాండాయంట, అదొక్కటి అరగంటైనా రాదంట."

ఆనందరావు కళ్లు మెరిశాయి. "నెట్‌లోకి ఎక్కించే పాస్‌వర్డు ఎవరికి తెలుసు?"

"నాకు, మా అల్లాబక్ష్‌కు," అన్నాడు ప్రకాశం, పనివాడి వైపు చూస్తూ.

పక్కనే ఉన్న నెట్ సెంటర్లో ఆ ఫొటో దించుకున్నారు. మామూలుగా తెరిస్తే డేగిసాలే. ఆనందరావు ఫైలు పేరు చివర ఉన్న 'జేపీజీ'ని 'జిప్' అని మార్చి మళ్లీ తెరిచాడు. లోపల ఇంకో ఫైలు. అందులో జోసఫ్ దాక్కున్న ఇంటి ఫొటోలు, చేత్తో గీసిన మ్యాపు.

అది చూసి లాల్ బాషా లేచాడు. వెంటనే బండెక్కి మైదుకూరు రోడ్డు పట్టాడు. ఎదురొచ్చే ప్రతి జీపులోకీ తేరిపార చూశాడు. జోసఫ్‌ను ఇంకో ఊరికి చేర్చాకే ఊపిరి పీల్చుకున్నాడు.

సాయంత్రం లాయరు ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టాడు ఆనందరావు.

"ఫొటో కడుపులో ఫైలు దాచి నెట్‌లో పెట్టినారు. పులివెందులలో కూచున్నోడు దించుకుంటాడు. మనిషి మనిషిని కలిసే పని లేదు. బరువు పెరిగినందుకే అది ఆలస్యంగా దిగతాంది. లాయరుకు చోటు తెలుసు, పాస్‌వర్డు తెలియదు. అల్లాబక్ష్‌కు పాస్‌వర్డు తెలుసు, చోటు తెలియదు. రెండూ తెలిసినోడు ఒక్కడే. వంటగిన్నెల ఫొటో ఎవరు చూస్తారులే అనుకున్నాడు."

లాల్ బాషా లాయరు ముఖం చూడలేక సిగ్గుపడ్డాడు.

ప్రకాశం చెల్లెలి వైపు తిరిగాడు. "అవతలి పార్టీవోళ్లు కౌన్సిలర్ టికెట్ ఇస్తామన్నారు దేవీ. బావను బెదిరిస్తాం అంతే అన్నారు."

దేవకుమారి నెట్ సెంటర్లో తీసిన మ్యాపు ప్రింటు దగ్గరికి జరుపుకుని, ఒక గీత మీద వేలు పెట్టింది.

"బెదిరించేదానికి మంచం యాడుండాదో ఎందుకన్నా? నేను ఆయనకు అన్నం పెడతాంటే, నువ్వు వాకిట్లో నిలబడి చూసింది ఇదా?"

ఆమె మ్యాపు మడిచి లాయరు చేతికిచ్చింది.

"సోమవారం ఆయన సాక్ష్యం చెప్పి దిగినాక," అంది, "నా పేరు పిలిపించండి సార్. మా అన్న మీద నేను చెప్తా."