లేతాకు పసుపెక్కింది

మార్చి పన్నెండు. మధ్యాహ్నం పన్నెండు నలభై.

గుమ్మఘట్ట మండలంలో తేయాకు తోట అంటే ఎవరైనా ముందు నవ్వుతారు. తాగడానికే నీళ్లు చాలని చోట టీ తోటేమిటి? కానీ ఉంది. అరెకరం పాలీహౌస్, ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి. లోపల నాలుగు వందల డ్రమ్ములు, ఒక్కో డ్రమ్ములో ఒక్కో తేయాకు మొక్క.

వాటిని పెంచిన కేశవ మాత్రం లేడు. ఇరవై రెండు రోజులుగా లేడు.

కేశవ మట్టి పోషకాల నిపుణుడు. వయసు ముప్ఫై నాలుగు. ఫిబ్రవరి పద్దెనిమిది ఉదయం పదకొండున్నరకు ఇక్కడే కనిపించాడు. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. బైకు గేటు పక్కనే ఉండిపోయింది.

బయట పోలీసు జీపులో కాపలాదారు గంగప్ప కూర్చున్నాడు. చేతులకు బేడీలు. నిన్న సాయంత్రం నాలుగింటికి సబ్ ఇన్‌స్పెక్టర్ వనజాక్షే అరెస్టు చేసింది. ఈరోజు నాలుగులోపు రాయదుర్గం కోర్టులో నిలబెట్టాలి. హత్య కేసు కింద రిమాండుకు వెళితే ఇక నెలల తరబడి బయటికి రాడు. లాయరును పెట్టుకునే స్తోమత వాళ్ల వంశంలోనే లేదు.

సాక్ష్యాలు రెండు. గంగప్ప పడుకునే మోటరు గుడిసెలో కేశవ ఫోన్ దొరికింది. ముందురోజు సాయంత్రం కేశవను చంపుతానని గంగప్ప అరిచినట్టు స్టేట్‌మెంట్ ఉంది.

వనజాక్షి ఆఖరి పంచనామాకని వచ్చింది. అరగంటలో ముగించి వెళ్లాలి. మొక్కల దగ్గర ఆగిపోయింది.

"ఇవెప్పట్నించి ఇట్లుండాయి?"

హనుమంతరాయుడు తుండుతో మెడ తుడుచుకున్నాడు. తోట ఆయనదే. మాజీ సర్పంచి. ఉగాదికి 'సీమ టీ' ప్యాకెట్ విడుదల చేస్తానని ఊరూరా ఫ్లెక్సీలు కట్టించాడు.

"సారు పోయినప్పట్నించి మేడమ్. యూరియా ఏసే దిక్కు లేదు. నత్రజని లేక పసుపెక్కినాయి."

వనజాక్షి ఒక కొమ్మ వంచింది. పోలీసు ఉద్యోగానికి ముందు ఆమె బీఎస్సీ అగ్రికల్చర్ చదివింది. చదువు పనికిరాకుండా పోయిందని వాళ్ల నాయన ఇప్పటికీ సణుగుతాడు.

కింది ముదురాకులు పచ్చగా ఉన్నాయి. పైన వచ్చిన చిగురు మాత్రం పసుపు. ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి.

ఆమె తలుపు వైపు తిరిగింది. "నాగేశ్వర గారూ, తలుపు మూయండి. ఎవరూ బయటికి పోవద్దు."

హెడ్ కానిస్టేబుల్ నాగేశ్వర గొళ్లెం పెట్టాడు. పాలీహౌస్‌లో గాలి ఆగిపోయింది. లోపల నలభై రెండు డిగ్రీలు. పోలీసులు కాక లోపల ఉన్నది ముగ్గురు. హనుమంతరాయుడు, ఫీల్డ్ అసిస్టెంట్ మౌనిక, గంగప్ప భార్య ఓబమ్మ. ఓబమ్మ పొద్దున్నుంచి జీపు చక్రం పట్టుకుని కూర్చుంటే, పనికి అడ్డమని నాగేశ్వరే లోపలికి తెచ్చి కూర్చోబెట్టాడు.

"మౌనికా, నీ బల్ల పక్కన ఆ పన్నెండు మొక్కలు మాత్రం పచ్చగా ఉండాయే. వాటికి యూరియా ఏసినావా?"

"లేదు మేడమ్. అన్నిటికీ ఒకటే మట్టి, ఒకటే ఎరువు."

"మరి?"

మౌనిక సిగ్గుపడింది. "నేను తాగే క్యాన్‌లో ఫిల్టర్ నీళ్లు రోజూ కొంచెం మిగులుతాయి. పారబొయ్యడానికి చేతులు రావు కదా మేడమ్. దగ్గరుండాయని వాటికే పోస్తాండా."

"మిగతావాటికి?"

"బోరు నీళ్లు."

"ఎప్పట్నించి?"

మౌనిక రిజిస్టరు తిప్పింది. "ఫిబ్రవరి పంతొమ్మిది. అంతకుముందు సంపు నీళ్లే. పాలీహౌస్ కప్పు మీద పడిన వాన నీళ్లు నేలలో కట్టిన సంపులో పట్టుకుంటాం. కేశవ సారు బోరు పైపును ముట్టనిచ్చేవాడు కాదు."

"ఎందుకు మార్చినారు?"

"సంపు పగిలి నీళ్లన్నీ ఇంకిపోయినాయని రాయుడన్న చెప్పినాడు."

వనజాక్షి ఫైలు తెరిచి మౌనిక స్టేట్‌మెంట్ చూసింది.

"మౌనికా, పదిహేడు సాయంత్రం గంగప్ప ఏమని అరిచినాడు? నువ్వు విన్నది విన్నట్టు చెప్పు."

"దూరంగా ఉన్నా మేడమ్. 'సంపు, సంపు' అని మాత్రం వినపడింది."

"సంపుతా అన్నాడా? సంపు అన్నాడా?"

"సంపు అనే. అదే చెప్పినా."

వనజాక్షి నాగేశ్వర వైపు చూసింది. ఆ మాటలు రాసుకున్నది ఆయనే. ఆయన కోస్తా నుంచి బదిలీ అయి వచ్చి నాలుగు నెలలు. ఈ సీమలో 'చంపు'ను 'సంపు' అంటారని ఇక్కడే నేర్చుకున్నాడు. నేర్చుకున్నది కాస్త ఎక్కువైంది.

"చంపుతానన్నాడనే అనుకున్నా మేడమ్," అన్నాడు ఆయన. మొహం మాడిపోయింది.

ఓబమ్మ లేచింది. "అయ్యో నా తల్లీ! రెండు బిందెలు సంపు నీళ్లు ఇయ్యప్పా అని అడిగినాడు. సారు ఇయ్యనన్నాడు. మొక్కలకు పోస్తావు, మాకు పొయ్యవా అని గొంతు లేసింది. అంతే! నిన్న ఈ పోలీసప్పతో కూడా అదే చెప్పినాడు. సంపు కాడ మాటామాటా అయిందని!"

ఆ కాగితం కింద సంతకం వనజాక్షిదే. ఎవరిని తిట్టాలి? ఆమెకు తన మీదే ఒళ్లు మండింది. గడియారం చూసుకుంది. ఒకటి ఇరవై.

"మౌనికా, పదిహేడున ఇంకేం జరిగింది?"

మౌనిక తల దించుకుంది. హనుమంతరాయుడు గొంతు సవరించుకున్నాడు. ఆ దగ్గు ఆ పిల్ల కోసమే.

"భయపడొద్దు. చెప్పు."

"మా నాయన మగ్గం ఈయన షెడ్డులోనే ఉండాది మేడమ్. రేప్పొద్దున మమ్మల్ని ఎల్లగొడితే యాడికి పోవాల?"

"గంగప్ప యాడికి పోతాండాడో చూసినావు కదా."

మౌనిక కళ్లు తుడుచుకుంది. "ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. ఆకులో ఫ్లోరైడ్ చానా ఎక్కువ. మన నేలలో ఉండేదాన్ని తేయాకు పీల్చుకుని దాచుకుంటాదంట. ఈ టీ ఎవరికీ తాగించొద్దు, ప్యాకెట్ ఆపేయండి అని సారు రాయుడన్నతో చెప్పినాడు. మరుసటి రోజు నన్ను, గంగప్పను పదకొండున్నరకు రాయుడన్నే రాయదుర్గం పంపినాడు. ఈడ వాళ్లిద్దరే మిగిలినారు. వేపపిండి మూటలు తెమ్మని."

"ఆ మూటలేనా అవి?"

మూలన ఇరవై వేపపిండి మూటలు పేర్చి ఉన్నాయి. ఘాటు వాసన. వాటి కింద బండ. బండ చుట్టూ సిమెంటు కొత్తగా తెల్లగా ఉంది.

"అదే సంపు," అంది మౌనిక.

హనుమంతరాయుడు నవ్వబోయాడు. "ఏందమ్మా ఇది? ఆకులు చూసి కేసు కడతావా? పగిలిందని మూయించినా. తప్పా?"

"నత్రజని తక్కువైతే ముందు ముదురాకు పసుపెక్కుతాది అన్నా. ఈడ ముదురాకు పచ్చగా ఉండాది. లేతాకు పసుపు. ఇది ఇనుము అందక వచ్చేది. తేయాకుకు పులుపు మట్టి కావాల. మన బోరు నీళ్లు చౌడు. అవి పోస్తే మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేదు. మీ వేరుశనగ తట్టుకుంటాది, ఇది తట్టుకోదు. మీకది తెలీదు. నీళ్లేవైనా నీళ్లే అనుకున్నారు."

"పగిలితే ఏ నీళ్లు పొయ్యాల మరి?"

"సంపులో ఎన్ని లీటర్లుండె?"

"అరవై వేలు."

"పగిలిందని ఏ మేస్త్రీకి చూపించినారు?"

హనుమంతరాయుడు తుండుతో మళ్లీ మెడ తుడుచుకున్నాడు.

"మాది యాడికి మండలం అన్నా. బిందెకు చిల్లి పడితే మా అమ్మ వీధి వీధంతా వినపడేట్టు అరుస్తాది. మీరు అరవై వేల లీటర్ల వాన నీళ్లు పోగొట్టుకుని, ఎవరితో ఒక్క మాట అనకుండా, మేస్త్రీని పిలవకుండా, పైన సిమెంటు పూసి ఊరుకున్నారు. ఈ సీమలో అట్లాంటి రైతును నేను చూడలేదు. ఆ నీళ్లు పోలేదు. వాటిలో ఏముందో మీకు తెలుసు. ఆ నీళ్లతో పండిన ఆకు ఉగాదికి మీరే తాగాల. అందుకే పైపు మార్చినారు."

హనుమంతరాయుడు తలుపు వైపు చూశాడు. గొళ్లెం పెట్టే ఉంది.

నాగేశ్వర చొక్కా చేతులు మడిచాడు. మూటలు ఆయనే మోశాడు. గడ్డపారతో ఆయనే పొడిచాడు. ఒకటి యాభై అయిదుకు బండ కదిలింది.

సంపు నిండుగా ఉంది.

కేశవ అడుగున లేడు. మోటరు పైపు దగ్గరే ఉన్నాడు. నడుం బెల్టు తీసి పైపుకు, తన చేతికి కలిపి చుట్టుకున్నాడు. పడగానే చావలేదు. మునిగిపోకుండా వేలాడుతూ ఎదురుచూశాడు. మౌనిక కేక వేసి కూలబడింది. వనజాక్షి ఆ పిల్లను లేపి పక్కకు తీసుకెళ్లింది.

"తోసినా," అన్నాడు హనుమంతరాయుడు. "కోపంలో తోసినా. సంపాలని కాదు."

"బతికే ఉన్నాడని తెలుసా?"

ఆయన సంపు వైపు వీపు తిప్పాడు.

"పిలిచినాడు. అన్నా, తాడెయ్యి అన్నాడు. బైటికొస్తే ఊరుకోడు కదా. పరువు పోతాదని బండ మూసినా. మూసినంక కూడా వినపడింది."

"ఫోన్?"

"గట్టున పడింది. నేనే గుడిసెలో పెట్టినా."

మూడుంబావు. పంచనామా రాశారు. శవాన్ని ఆసుపత్రికి పంపారు. హనుమంతరాయుడికి బేడీలు పడ్డాయి. ఓబమ్మ జీపు తలుపు దగ్గరికి పరుగెత్తింది.

"దిగప్పా! తేలిపోయింది. ఇంటికి పోదాం."

వనజాక్షి అడ్డం వచ్చింది.

"ఇప్పుడే కాదు ఓబమ్మా. అరెస్టు రాసినాక వదిలేది నా చేతిలో లేదు. కోర్టులో చెప్తా. జడ్జి గారే వదలాల."

"తప్పు రాసింది మీరు కదమ్మా?"

"నేనే."

ఉన్నది ఒకటే జీపు. కోర్టు గడువుకు ఇంకా నలభై అయిదు నిమిషాలు. నాగేశ్వర హనుమంతరాయుణ్ణి వెనక తలుపు దగ్గరికి తెచ్చాడు.

ఆయన్ని చూడగానే గంగప్ప గబుక్కున లేచాడు. బేడీల చేతులతోనే తుండు తీసి సీటు దులిపాడు. "కూర్చోండి సామీ," అని పక్కకు తప్పుకుని, కింద ఇనుప రేకు మీద గొంతుక్కూర్చున్నాడు. హనుమంతరాయుడు సీటు మీద కూర్చున్నాడు.

వనజాక్షి తాళంచెవి తీసి గంగప్ప చేతుల బేడీలు విప్పింది.

"లెయ్యి గంగప్పా. పైన కూర్చో."

గంగప్ప మణికట్లు రుద్దుకుంటూ సీటు వైపు చూశాడు. లేవలేదు.

"నాకీడే బాగుండాది మేడమ్. పోనియ్యండి," అన్నాడు.